ప్రతి శనివారం ఇంజనీరింగు మానేసే రుద్రేశ్

ఈ భూప్రపంచంలో ఇంజనీరింగు చదువును అందరికంటే ఎక్కువసార్లు మానేసిన మనిషి మా మనవడు రుద్రేశ్. భూప్రపంచం అనడం కాస్త ఎక్కువైనట్టుంది, కర్ణాటక అనుకోండి. అదీ నమ్మకపోతే బళ్లారి జిల్లా. ఇక ఒక్క తాలూకా కూడా తగ్గించను. చిన్నప్పుడు నేను చదివిన కాన్వెంటులో అబద్ధం చెప్పిన నోటిని సిస్టరమ్మ సబ్బుతో కడిగించేది. అందుకే నా మాటలు ఇప్పటికీ ఇంత శుభ్రంగా ఉంటాయి.

మాది సండూరు. వాడు చేరింది బళ్లారి కాలేజీలో, ఉండేది హాస్టల్లో. తోటి పిల్లలంతా చక్రాల బ్యాగులు లాక్కుంటూ వస్తే, వీడు మాత్రం నా కాన్వెంటు నాటి ఇనుప ట్రంకు పెట్టెతో దిగాడు. రెండు పక్కలా రెండు పిడులున్న పెట్టె అది. చేరిన మొదటి నెల నుంచే శనివారం మధ్యాహ్నం నాకు ఫోను వచ్చేది.

"తాతా, సదువు మానేస్తాండా. సాయంత్రం బస్సుకి వస్తాండా."

"ఏమయిందిరా?"

"లెక్కల్లో అంకెలే లేవు తాతా. అన్నీ అక్షరాలే."

మరో శనివారం కంప్యూటరు ప్రోగ్రాము. "పేజీడు రాస్తిని తాతా. యాడో ఒక్క చుక్క తక్కువైందని అంతా తప్పంట. అవ్వ ఉప్పు మరిచినా మనం తింటాం గదా."

ఇంకో వారం వర్క్‌షాపు. ఇనుప ముక్కను ఆకురాయితో నాలుగు వైపులా సమంగా అరగదీయమన్నారట. వీడు ఒక వైపు సరిచేస్తే ఇంకో వైపు వంకర తేలేది. సాయంత్రానికి అన్ని వైపులూ సమానమయ్యాయి గానీ ముక్క మిగల్లేదు. ఇన్ని లారీలు ఇన్నేళ్లుగా ఇనుప రాయి తవ్వి మోస్తున్నా మా సండూరు కొండలు ఇంకా నిలబడే ఉన్నాయి. మావాడికి అప్పగించి ఉంటే ఒక్క సెమిస్టరులో చదును చేసేవాడు.

ఫోను రాగానే మా ఆవిడ కరియమ్మ జొన్న రొట్టెలు కాల్చి, గుత్తి వంకాయ చేసి ఎదురుచూసేది. బస్సు వచ్చేది, వాడు వచ్చేవాడు కాదు. అడిగితే, "బస్సు తప్పిపాయ తాతా, వచ్చే వారం మానేస్తాలే" అనేవాడు. చేసిన రొట్టెలు పారేయలేం కదా. వాడు చదువు మానేసిన కొద్దీ నా చొక్కా బొత్తాలు పట్టడం మానేశాయి.

చివరికి కరియమ్మ గట్టిగా పట్టుకుంది. "నువ్వు నవ్వుతాండావు, నాకు నిద్ర పట్టడం ల్యా. వాడు నిజంగా వచ్చేస్తే ఏం గతి? ఈ తూరి నువ్వే పో. ఉంటాడో వస్తాడో తేల్చుకోని రా."

తెల్ల పంచె కట్టుకుని వెళ్లాను. బళ్లారి బస్టాండులో సండూరు బస్సు ఆగే చోట, బజ్జీల బండి వెనక నక్కాను. ఊరికే నిలబడితే అనుమానం వస్తుందని బజ్జీలు కూడా తిన్నాను.

ఇద్దరు పిల్లలు చెరో పిడీ పట్టుకుని, ట్రంకు మోయలేక మోస్తూ వచ్చారు. ఒకడు రుద్రేశ్. రెండోవాడు వాడి గదిలో ఉండే కంప్లి అబ్బాయి దేవరాజ్. వడ్లు పండించే ఇంట పుట్టి, పదో తరగతి దాకా కన్నడ మీడియంలో చదివిన పిల్లవాడు. నోరు తెరిచి అన్నం పెట్టమని కూడా అడగడని రుద్రేశ్ చెప్పేవాడు. ఆ నోరులేని పిల్లవాడు ట్రంకు దించగానే ఎమ్మెల్యే ఎన్నికలకు నిలబడినట్టు మొదలుపెట్టాడు.

"ఒక పరీక్షలో మార్కులు తగ్గితే సదువు మానేస్తారా ఎవరైనా? నాకు నీకన్నా తక్కువ వచ్చినాయి గదప్పా."

"నాకు ఎక్కదు దేవరాజా. ఇంగ్లీషులో చెప్తే తల మీద నుంచే పోతాండాది."

నేను బజ్జీ నమలడం ఆపాను. మా ఇంట్లో మూడు తరాలుగా కాన్వెంటు చదువే. రుద్రేశ్ నిద్రలో కలవరించేది కూడా ఇంగ్లీషులోనే.

"ఇంగ్లీషుదేముంది? కన్నడ మీడియం నాకే ఎక్కుతాంటే నీకెందుకు ఎక్కదు? కూసో ఈడ." దేవరాజ్ బెంచీ మీద కాగితం పరిచి లెక్క చేయడం మొదలుపెట్టాడు. రుద్రేశ్ తల గోక్కుంటూ మళ్లీ చెప్పమన్నాడు. వాడు మళ్లీ చెప్పాడు. ఇంతలో బస్సు వచ్చింది. కండక్టరు వీళ్లను చూసి, "ఏనప్పా, ఈ వారనూ ఇల్వా?" అని, ఈ వారమూ ఎక్కరా అన్నట్టు నవ్వి రైట్ చెప్పేశాడు.

"పాయ బస్సు," అన్నాడు రుద్రేశ్ దిగులుగా. దేవరాజ్ మునిగిపోయేవాణ్ణి ఒడ్డుకు లాగినవాడిలా ముఖం తుడుచుకుని, టీ తేవడానికి వెళ్లాడు.

నేను బయటికొచ్చి ట్రంకు పిడి పట్టి ఎత్తాను. కదలలేదు. నా నడుము చేసిన చప్పుడుకు వెళ్లిపోతున్న బస్సు డ్రైవరు టైరు పేలిందేమోనని బండి ఆపాడు. మూత తీశాను. బట్టల్లేవు, పుస్తకాల్లేవు. పెట్టె నిండా మా సండూరు ఎర్ర ఇనుప రాళ్లు. ధూళి లేచి నా పంచె మీద పడింది.

"మూత ముయ్ తాతా, వాడొస్తాడు."

"ఏందిరా ఇది?"

"మొదటి శనివారమే వాడు సంచి సర్దుకోని కూసున్యాడు. పాఠాలు అర్థం కాలేదని, కంప్లికి పోయి రైసు మిల్లులో చేరతానని. పోవద్దంటే వినల్యా. అయితే నేనూ మానేస్తాండా, నా పెట్టె ఒక చేయి పట్టు అంటిని. అంతే, వాడి సంచి మరిచిపోయి నాకు బుద్ధి చెప్పను మొదలుపెట్టినాడు."

"బాగుండాది. మరి రాళ్లెందుకు?"

"ముందు పుస్తకాలే పెడితే, బుద్ధి చెప్పుకుంటానే వాడొక్కడే భుజానేసుకోని బస్టాండుకి పరిగెత్తినాడు తాతా. వడ్ల మూటలు మోసినోడు. ఆ పొద్దు బస్సు దొరికినంత పనాయ. అందుకే దసరాకి ఇంటికొచ్చినప్పుడు, లారీల నుంచి రోడ్డు పక్కన రాలినవి ఏరుకోని పోయినా."

"మరి ఆ లెక్క?"

"నాకు చెప్పాలని వారమంతా సదువుతాండాడు. నేను మొద్దోణ్ణి గదా, రెండు మూడు తూర్లు చెప్పిస్తా."

దేవరాజ్ టీ తెచ్చి, నేనెవరో రుద్రేశ్ చెప్పగానే గంభీరంగా అన్నాడు. "మీరు దిగులు పడాకండి తాతా. వీణ్ణి నేను పోనియ్యను."

"నీ చేతుల్లో పెట్టినానప్పా," అని దగ్గు వచ్చినట్టు పక్కకు తిరిగాను.

మొదటి ఏడాది ఫలితాలొచ్చాయి. ఇద్దరూ అన్నీ పాసయ్యారు. లెక్కల్లో దేవరాజ్‌కు రుద్రేశ్ కన్నా ఎక్కువ మార్కులు. ఆ వార్త ఫోనులో చెప్పింది దేవరాజే. "మీ మనవడు గట్టెక్కినాడు తాతా. నేను ల్యాకుంటే ఎప్పుడో మానేసుండేవాడు."

ఆ శనివారం ఇద్దరూ నిజంగానే సండూరు బస్సు దిగారు. ట్రంకు లేదు. కరియమ్మ ఏడాదికి సరిపడా ఊపిరి ఒక్కసారే వదిలి, రొట్టెలు కాల్చడానికి కూర్చుంది. నా వంతుకు రెండే మిగిలాయి. ఇప్పుడు బొత్తాలు పడుతున్నాయి.

ఇదంతా రాసి రుద్రేశ్‌కు చదివి వినిపించాను. వాడు ముందు దేవరాజ్ చుట్టుపక్కల ఎక్కడైనా ఉన్నాడేమో చూసుకున్నాడు.

"అంతా అబద్ధం తాతా. నాకు నిజంగానే మానేయాలని ఉండె. పెట్టెలో ఉండింది పుస్తకాలు."

"మరి నా పంచె మీద ఈ ఎర్ర మరక? మీ అవ్వ ఎంత ఉతికినా పోవడం ల్యా."

వాడు పంచె అంచు పట్టుకుని తీక్షణంగా చూశాడు. వాసన కూడా చూశాడు.

"బజ్జీల కారం," అన్నాడు.