చిట్టి లేని పుస్తకం

ప్రెస్సులో అందరూ ఆయన్ని కామాగారు అనేవాళ్ళు. మొహం మీదే అనేవాళ్ళు, ఆయనా పలికేవాడు. ప్రూఫులు చూడటంలో ఆయనంతటివాడు లేడు, ఆ మాట ఒప్పుకోవాల్సిందే. కరపత్రం దగ్గర్నుంచి పాఠ్యపుస్తకం దాకా ఆయన ఎర్ర పెన్ను తగలని కాగితం ఆ గుమ్మం దాటేది కాదు. మిషన్లు మోగే హాలుకీ, కాగితం రీములు పేర్చిన గదికీ మధ్య చెక్క అడ్డు పెట్టిన మూల ఒకటుంది. అందులో మెడ వంచుకుని కూర్చుంటే సాయంత్రం దాకా ఎత్తేవాడు కాదు.

ఆయనకో పద్ధతి ఉండేది. దిద్దిన కొత్త ప్రూఫు చేతికి రాగానే పాతదాన్ని నాలుగు ముక్కలుగా చింపి బుట్టలో వేసేవాడు. "పాత కాగితం బతికుంటే పాత తప్పు మళ్ళీ ఎక్కుతుందయ్యా" అనేవాడు. ఒకసారి ఎవరో పాత ప్రూఫునే మిషను మీదికి పంపితే పుస్తకమంతా తప్పులతో అచ్చయింది. అప్పుడు ఓనరు పెట్టిన చీవాట్లు ఆయన మర్చిపోలేదు. ప్రెస్సు పనికి అది మంచి పద్ధతే. దాన్ని ఇంటికి కూడా పట్టుకుపోయాడు చూడండి, అదే కొంప ముంచింది.

ఇంట్లో ఆయనా, అక్కా, అంతే. తల్లి పోయాక అక్కే సబ్బుల ఫ్యాక్టరీలో ప్యాకింగు పని చేసి తమ్ముణ్ణి చదివించింది. పెళ్ళి మాట ఎవరెత్తినా "మరి వీడి ముక్కెవరు తుడుస్తారు?" అని నవ్వేసేది. వాళ్ళిద్దరి మధ్యా ఇంకో పిల్ల ఉండేది, చిట్టి. జ్వరమొచ్చి పోయింది. అప్పటికి ఈయన ఇంకా నడక రాని పసివాడు. ఫోటో అంటూ ఒకటి లేదు. చిట్టి అనే పిల్ల ఈ భూమ్మీద తిరిగిందనడానికి అక్క నోటి మాటే సాక్ష్యం.

ఆ మాటల్లోంచే నవల పుట్టింది. సెలవు రోజుల్లో అక్క బియ్యం ఏరుకుంటూ చెబుతుంటే, ప్రెస్సులో పనికిరాని కాగితాల వెనకవైపు రాసుకునేవాడు. మొదటిసారి పూర్తయ్యాక ఆమెకు చదివి వినిపించాడు. నవ్వే చోట కడుపు పట్టుకుని నవ్వింది. చిట్టి అధ్యాయం దగ్గర మాత్రం వెక్కివెక్కి ఏడ్చింది.

"అచ్చం అలాగే ఉందిరా! అదే నడక, అదే పెంకితనం. అచ్చేయించెయ్యి తమ్ముడూ. నేను పోతే దాన్ని ఎరిగినవాళ్ళుండరు. పుస్తకంలోనన్నా ఉంటుంది."

"వేయిస్తానక్కా. ఒక్కసారి దిద్ది ఇచ్చేస్తా."

ఆ ఒక్కసారి ఏళ్ళు పట్టింది. ఏం చెప్పమంటారు! మొదటి వాక్యం మార్చాడు. అది మారేసరికి రెండోది నచ్చలేదు. మొత్తం తిరగరాశాడు. తిరగరాసి, అలవాటు చొప్పున పాతదాన్ని నాలుగు ముక్కలు చేశాడు. మళ్ళీ రాశాడు, మళ్ళీ చింపాడు. అక్క చెవినిల్లు కట్టుకుని పోరింది.

"ఎంతకాలంరా ఈ నూరుడు? ఇలా నూరితే రోలే అరిగిపోతుంది!"

"అచ్చయ్యాక మార్చలేం కదక్కా. తప్పుంటే అలాగే ఉండిపోతుంది."

"ఉండనీ. మనుషుల్లో లేవూ తప్పులు?"

ఈ మాట ఆయన చెవికెక్కలేదు. భయం పట్టుకుంది మనిషిని. జీవితమంతా పక్కవాళ్ళ తప్పులు పట్టినవాడు కదా, తనకోసం కూడా ఎవడో ముక్కూమొహం తెలియనివాడు ఎర్ర పెన్ను పట్టుకుని కాచుకున్నాడనిపించేది. అక్కకిచ్చిన మాటకంటే ఆ కనపడనివాడే ఎక్కువైపోయాడు.

ఆ దిద్దుబాట్లలో ఒకసారి, చిట్టి దగ్గర కథ ఆగిపోతోందనిపించింది. అధ్యాయాన్ని ఒక పేజీకి కుదించాడు. తర్వాతిసారి పేజీ పేరా అయింది, పేరా వాక్యమైంది. చివరికి ఆ వాక్యం కూడా అతకలేదని కొట్టేశాడు. అక్కకి చెప్పలేదు. చెబితే ఊరుకోదని తెలుసు.

తర్వాత ఒకనాటి పొద్దున్న అక్క వంటింట్లో పడిపోయింది. కుడివైపంతా చచ్చుబడింది, మాట పోయింది. అవునంటే "ఊఁ", కాకపోతే "కాదు", ఆ రెండే మిగిలాయి. ఇంకోసారి పక్షవాతం వస్తే కష్టమన్నాడు డాక్టరు.

కామాగారు ప్రెస్సుకి పరిగెత్తాడు. "ఇన్నాళ్ళకి మనసొచ్చిందా కామాగారూ!" అని ఓనరు వేళాకోళమాడబోయి, ఆయన మొహం చూసి కాగితాలు అందుకున్నాడు. ఉన్న పనులు పక్కన పెట్టించి నవల అచ్చేయించాడు. పుస్తకం నాలుగు పేజీలు తిప్పి "భాష కడిగిన ముత్యంలా ఉందండీ, ఒక్క తప్పు లేదు" అన్నాడు. అన్నాడే గానీ, బాగుందనలేదు.

చిట్టి లేదని అక్కకి తెలియదులే అనుకున్నాడో, వినడానికి ఏదో ఒకటి ఉంటే చాలనుకున్నాడో కామాగారు! పుస్తకం తెచ్చి, ఆమెను దిండుకి ఆనించి కూర్చోబెట్టి చదవడం మొదలుపెట్టాడు. అక్క కదలకుండా వింది. నాన్న పోవడం, అమ్మ పనికి కుదరడం, ఇల్లు మారడం అన్నీ వచ్చాయి. అక్క ఎడమచెయ్యి పైకెత్తింది.

"ఏం కావాలక్కా? నీళ్ళా?"

"కాదు."

"పడుకుంటావా?"

"కాదు."

ఆ చెయ్యే మంచం పక్కన, నేలకి కాస్త ఎత్తులో నిలిపి చూపించింది. ఇంత పిల్ల. చిట్టి ఏదీ అని అడుగుతోంది.

"వస్తుందక్కా, ఇదిగో, తర్వాతి పేజీలోనే" అని అబద్ధమాడాడు. పేజీ తిప్పి, అందులో లేనిది చదవడం మొదలుపెట్టాడు. చిట్టి గుమ్మంలో కూర్చుని బొమ్మతో ఆడుకుంటోందన్నాడు.

"కాదు."

చిట్టికి వానలో తడవడమంటే ప్రాణమన్నాడు.

"కాదు."

తను రాసిందే. తన చేత్తో ఎన్నిసార్లో ఎత్తిరాసిందే. గుర్తు తెచ్చుకోబోతే కొట్టేసిన గీతలు గుర్తొస్తున్నాయి గానీ, వాటికింద ఏముందో రావడం లేదు. నోటికొచ్చే చిట్టి ఏ కథలోనైనా ఉండే పిల్ల.

"పోనీ నువ్వే చెప్పక్కా" అనేశాడు.

అక్క నోరు తెరిచింది. మెడ నరాలు బిగుసుకున్నాయి. "కాదు, కాదు" అనే వచ్చింది. కళ్ళనీళ్ళు చెంపల మీదికి కారాయి.

"లేదక్కా. పుస్తకంలో లేదు. నేనే తీసేశాను. పాతవన్నీ చింపేశాను" అని ఆమె చెయ్యి పట్టుకుని బావురుమన్నాడు. తిట్టి ఉంటే బాగుండేది. తిట్టడానికి మాటేదీ?

ఆ తర్వాత రోజూ ప్రెస్సు నుంచి రాగానే మంచం పక్కన కూర్చునేవాడు. చిట్టి నత్తిగా మాట్లాడేదా? కాదు. అన్నం తినడానికి మారాం చేసేదా? కాదు. ఎవరికీ భయపడేది కాదా? కాదు. చెప్పింది మార్చి, మార్చింది మళ్ళీ మార్చి చెప్పేవాడు. రోజులు గడిచేకొద్దీ అక్క గొంతు సన్నబడింది.

ఒక సాయంత్రం "చిట్టి నిన్ను పేరు పెట్టి పిలిచేది కదూ?" అని అడిగాడు.

"ఊఁ" అంది అక్క.

ఆయన ఎగిరి లేచినంత పనిచేశాడు. కాగితం కోసం జేబులు తడుముకున్నాడు. అంతలో ప్రూఫు చూసేవాడి అనుమానం ఊరుకోక, సరిచూసుకోవడానికి తిరగేసి అడిగాడు. "ఎప్పుడూ పేరు పెట్టి పిలవలేదు కదూ? అక్కా అనేది కదూ?"

"ఊఁ."

"చిట్టి అసలు మాట్లాడేదే కాదా?"

"ఊఁ."

తమ్ముడి ఆరాటం చూడలేక అంటోందని అర్థమైంది. చిట్టిని ఎరిగిన ఒక్క మనిషీ ఎదురుగానే ఉంది, కళ్ళు తెరుచుకునే ఉంది. ఏం చెప్పినా సరేనంటోంది. ఆయన ఇంకేమీ అడగలేదు. ఆమె తల కాస్త పైకెత్తి, నీళ్ళు పట్టాడు.