మిద్దె మీద కట్ట

నా చిన్నప్పుడు మా ఊళ్లో వానంటే సంబరమే గాని భయం కాదు. వేంపల్లెకు అవతల, ఎర్రమన్నూ రాళ్లగుట్టలూ తప్ప మరేమీ కనిపించని పల్లె మాది. మబ్బు పడితే పిల్లలం వీధిలోకి పరిగెత్తేవాళ్లం. అలాంటి ఊళ్లో పుట్టిన నేను ఈ వయసులో, కర్నూల్లో మా అబ్బాయి కట్టించిన సిమెంటు ఇంట్లో పడుకొని కూడా, రెండు రోజులు ముసురు పట్టిందంటే పైకప్పు వైపు చెవి ఒగ్గి వింటాను. నా మనవరాలు చూసి నవ్వుతుంది. దాని నవ్వులో తప్పులేదు. మిద్దె చప్పుడు చేయడం అది ఎప్పుడూ వినలేదు.

మాది మట్టి మిద్దె. వేపదూలాల మీద దంతెలనే అడ్డకర్రలు పరిచి, వాటిమీద కంప వేసి, మన్ను తొక్కి, అన్నిటికంటే పైన చౌడు పోస్తారు. చౌడు తెల్లగా పిండిలా ఉండే మన్ను, నీటిని లోపలికి దిగనివ్వదు. ఏటా ఎండాకాలం చివర దాన్ని కొత్తగా పోసుకోవాలి. అది ఒక్కరి వల్ల అయ్యే పని కాదు. ఒకరు తవ్వాలి, ఒకరు మోయాలి, ఒకరు పైన పరవాలి. మా నాయన, ఆయన అన్న అయిన మా పెద్దనాయన కలిసి ఉన్నన్నాళ్లూ ఆ పని ఇంట్లో చిన్న పెళ్లిలా జరిగేది.

తర్వాత వాళ్లు వేరుపడ్డారు. చేను గట్టు దగ్గర మొదలైన మాట రచ్చకట్ట దాకా పోయింది. అక్కడ నలుగురిలో పెద్దనాయన, తాను లేకుంటే తమ్ముడు ఒక్క పంట కూడా తీయలేడని అన్నాడట. ఆ ఒక్క మాట మా నాయన గుండెలో ముల్లులా దిగబడింది. ఇక చచ్చినా అన్నను ఏదీ అడగనని అందరి ముందూ ఒట్టు పెట్టుకొని ఇంటికొచ్చాడు. పొడవాటి ఇంటికి నడుమ గోడ లేచింది. చిన్నవాళ్లను ఆ గోడ దాటనివ్వలేదు గాని, మా జేజిని, అంటే మా నాయన వాళ్ల అమ్మను, ఎవరు ఆపగలరు. ఒక నెల ఆ కొడుకు దగ్గర, ఒక నెల ఈ కొడుకు దగ్గర తినేది.

ఇంట్లో గోడ చాలలేదు మా నాయనకు. మిద్దె ఎక్కి, సరిగ్గా ఆ గోడకు పైన, ఈ కొస నుంచి ఆ కొసకు మట్టికట్ట పోశాడు. తన మిద్దె మీద పడ్డ వాన చుక్క కూడా అన్న వైపు పోకూడదని. అయితే ఆ మిద్దె వాటమంతా పెద్దనాయన వైపుకే ఉంది. నీళ్లు పోయే తూము కూడా అటువైపే. మా నాయన మా వైపు కొత్త తూము పెట్టాడు గాని, వాటం ఎదురుగా ఉంటే తూము ఏం చేస్తుంది? తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లు అనే మనిషి ఆయన. ఊళ్లో వాళ్లు ఆ కట్ట చూసి ఏదో అనబోతే వినిపించుకోలేదు. ఆ తర్వాత వరసగా కరువు. మిద్దె తడిసింది లేదు, తప్పు బయటపడింది లేదు. చౌడు కూడా ఒక్కడే మోసుకొచ్చి, మోసినంత పోసి, మిగతాది వచ్చే ఏడు చూసుకుందామని వదిలేశాడు.

మా తమ్ముడు పుట్టిన ఏడు, మా చెల్లి ఇంకా పుట్టకముందు, ముసురు పట్టింది. ఆకాశం భూమ్మీదికి దిగినట్టు, రోజుల తరబడి, ఆగకుండా. మా అమ్మ అప్పుడు పచ్చి బాలింత. చలిజ్వరం కూడా తోడైంది. నడిమింట్లో మంచం మీద బిడ్డను పొట్టకు అదుముకొని పడుకునేది. మొదట ఒకచోట చుక్క పడింది, గిన్నె పెట్టాం. తర్వాత పెట్టడానికి గిన్నెలు చాలలేదు. ఆ రోజు పొద్దున్నుంచి మా నాయన మిద్దె మీదే ఉన్నాడు. బొక్కెనతో నీళ్లు ఎత్తి వీధిలోకి పారబోస్తున్నాడు. నేను నిచ్చెన ఎక్కి తొంగిచూస్తే, మా మిద్దె మీద నీళ్లు కుంటలా నిలబడి ఉన్నాయి. కట్టకు అవతల, పెద్దనాయన మిద్దె కడిగినట్టు శుభ్రంగా ఉంది. నాకు అప్పుడు ఎనిమిదేళ్లో ఏమో, అయినా సంగతి అర్థమైంది.

మధ్యాహ్నానికి దూలం పక్కన మన్ను రాలడం మొదలైంది. ముందు గింజలు గింజలుగా, తర్వాత పిడికెళ్లుగా. ఆ పైన పటుక్కుమని ఒక చప్పుడు. అది ఏ చప్పుడో ఎవరూ నాకు చెప్పక్కరలేకపోయింది. అమ్మ లేచి కూర్చుంది. దూలం నడుమ, వేలు పట్టేంత సన్నగా, ఒక చీలిక కనిపిస్తోంది.

మా నాయన దిగి వచ్చి దాన్ని చూశాడు. అమ్మ, పక్కనే ఉన్న బావగారింటికి పోదామని అడిగింది. మా నాయన వంటింట్లోకి పొమ్మన్నాడు. వంటింట్లో అప్పటికే గోడ తడిసి ఉబ్బి ఉంది. ఊళ్లో మిగిలిన ఇళ్లేమైనా మెరుగా అంటే, ఎవరి మిద్దె కింద వాళ్లే గిన్నెలు పట్టుకొని ఉన్నారు. బడికి పోయి తలదాచుకుందామంటే నడుమ వంక పొర్లుతోంది, వాగు దాటే వీలు లేదు. అమ్మ మళ్లీ అడిగింది, ఈసారి ఏడుస్తూ. మా నాయన గోడ వైపు ఒకసారి చూసి, తల తిప్పుకున్నాడు. మా నాయన మొహం చూసి నాకు భయమేసింది. ఏం చేయాలో ఆయనకు తెలుసు, చేయలేకపోతున్నాడు.

అప్పుడొచ్చింది మా జేజి, గోనెసంచి నెత్తిన కప్పుకొని. ఆ నెల ఆమె పెద్దనాయన వంతు. ఎవర్నీ ఏమీ అడగలేదు. తల ఎత్తి దూలం చూసింది, మంచం మీద బిడ్డను చూసింది. నెత్తి మీది గోనెసంచి తీసి, సరిగ్గా ఆ చీలిక కింద పరిచి, కాళ్లు చాపుకొని కూర్చుంది.

మా నాయన అదిరిపడ్డాడు. అక్కడ కూర్చోవద్దని, దూలం విరుగుతుందని చెప్పాడు.

"ఇరగనీ. నీ పెండ్లాం బిడ్డా ఉండేదానికి బాగుండాది, నేను ఉండేదానికి బాగలేదా?" అంది జేజి.

చేయి పట్టి లేపబోయాడు. తాకితే తన మీద ఒట్టు అంది. పెద్దకొడుకు వచ్చి లేపితే లేస్తానని, వాణ్ణి తమ్ముడు నోరారా పిలవాలని, అంతకు మించి తనకేమీ అక్కర్లేదని చెప్పి ఒళ్లో చేతులు పెట్టుకుంది. ఆమె తెల్లజుట్టు మీద ఎర్రమన్ను రాలుతోంది. తుడుచుకోలేదు. అమ్మ బిడ్డతో మంచం దిగి గుమ్మం దగ్గరకు వచ్చింది. నేను అమ్మ కొంగు పట్టుకున్నాను. దూలం మళ్లీ పటుక్కుమంది, ఈసారి పెద్దగా.

మా నాయన వాకిట్లోకి పరిగెత్తాడు. వానలో నిలబడి, గొంతు చించుకొని, "అన్నా" అని అరిచాడు. ఎన్నేళ్ల తర్వాతో ఆ మాట.

ఆ కేక ఇంకా ఆయన నోట్లో ఉండగానే పెద్దనాయన గడప దగ్గర ఉన్నాడు. భుజాన పొడవాటి గుంజ, చేతిలో గడ్డపార. మాట్లాడే తీరిక ఎవరికీ లేదు. జేజిని రెండు చేతులతో ఎత్తి వెనక్కి జరిపాడు. అన్నదమ్ములిద్దరూ గుంజను దూలం కింద నిలబెట్టి, భుజాలు ఆనించి, కిందికి రాళ్లు దోపారు. మా పెద్దమ్మ వచ్చి బిడ్డను తన చీర కొంగులో చుట్టుకొని, అమ్మను చేయి పట్టి వాళ్లింటికి నడిపించుకుపోయింది. నేను మాత్రం కదల్లేదు. గుంజకు ఆనుకొని నిలబడ్డ మా నాయననే చూస్తున్నాను.

కట్ట తెగ్గొట్టాలని మా నాయన గడ్డపార అందుకున్నాడు. పెద్దనాయన దాన్ని లాక్కున్నాడు. నీళ్లు వచ్చేది తన మిద్దె మీదికి గనక తానే తెగ్గొడతానన్నాడు. ఆయన మిద్దె ఎక్కిన కాసేపటికి, పైన నీళ్లు గలగలమని పారే చప్పుడు వినిపించింది. ఆ తర్వాత ఎన్నో పాటలు విన్నాను, ఎన్నో వాయిద్యాలు విన్నాను. అంత హాయైన చప్పుడు మాత్రం మళ్లీ వినలేదు.

ఆయన దిగి వచ్చేసరికి మన్ను రాలడం ఆగింది. దూలం గుంజ మీద కుదురుకుంది. మా నాయనకు అప్పుడు గుర్తొచ్చినట్టుంది, పిలిచిన క్షణంలో ఎలా వచ్చావని అడిగాడు. పెద్దనాయన పంచె కొస పిండుకుంటూ, తల ఎత్తకుండా చెప్పాడు.

"పొద్దున్నుంచి మా వాకిట్లో వానలోనే నిలబడుకోనుండా. నీ దూలం మోత మా గోడకు గూడా ఇనపడతాండాది. పిలవకుండా నీ గడప తొక్కనని నేనూ ఒట్టు పెట్టుకుంటి కదప్పా. ఒక్క మాట పిలుస్తావేమోనని చూస్తాండా."

మా నాయన ఏడవడం నేను చూసింది అదే మొదలు. నిలబడే ఏడ్చాడు, చిన్నపిల్లాడిలాగా. పెద్దనాయన తమ్ముడి వీపు మీద తడిచేయి వేశాడు. కొడుకులిద్దరినీ చూసి జేజి విసుక్కుంది. ఇంత పని చేయించడానికి తాను చావు కింద కూర్చోవాల్సి వచ్చిందని, వీళ్లను కన్నందుకు తనను తాను తిట్టుకుంటూ గోనెసంచి దులిపింది. ఆ సాయంత్రం పెద్దనాయన ఇంట్లో పొయ్యి ముందు నా జడ విప్పి తల తుడుస్తూ ఆమె నాతో ఒక మాట అంది.

"అడిగినోళ్లు తగ్గిపోరు మే. అడక్కుండా మనోళ్లను వానలో నిలబెడతామే, అదీ పాపం."

అడగందే అమ్మైనా పెట్టదని లోకమంతా అంటుంది. ఆ సామెత ఆకలిగొన్నవాడి వైపు నుంచి పుట్టింది. మా జేజి దాన్ని పెట్టేవాళ్ల వైపు నుంచి చూసింది. అన్నం వండుకొని, ఎవరైనా అడుగుతారేమోనని గుమ్మం వైపు చూస్తూ కూర్చునే వాళ్లూ ఉంటారు. ఇది అర్థం కావడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది.

ఆ అన్నదమ్ములు ఆ తర్వాత దేవుళ్లేమీ అయిపోలేదు. గోడ గోడలాగే ఉంది, ఎద్దుల దగ్గరా నీళ్ల దగ్గరా మాట మాట అనుకుంటూనే ఉన్నారు. చౌడు మాత్రం కలిసి పోశారు, ఇద్దరికీ నడుము వంగేదాకా.

ఈ మధ్య నాకు గుండెలో ఏదో తేడా ఉందని, చిన్న ఆపరేషన్ చేయాలని డాక్టరు చెప్పాడు. మా ఆయన పోయాక నేనూ, ఎవర్నీ ఏదీ అడగని మా నాయన కూతుర్నే అయ్యాను. పిల్లలకు ఎందుకు బరువు, చెల్లికి ఎందుకు దిగులు అనుకుంటూ కొన్నాళ్లు మింగలేక కక్కలేక తిరిగాను. ముఖానికి నవ్వు పులుముకొని వంట చేశాను, పండగ చేశాను. లోపల మాత్రం మన్ను రాలుతూనే ఉంది. చివరికి ఒక పొద్దున ఆత్మకూరులో ఉండే మా చెల్లికి ఫోను చేశాను. బాగున్నావా అని అడగకముందే, నాకు భయంగా ఉంది, వచ్చి నా దగ్గర ఉంటావా అని అడిగేశాను.

అవతల అది ముక్కు చీదుకున్న చప్పుడు వినిపించింది.

"నీ కోడలు డాక్టరు చీటీ చూసి నాకు ఎప్పుడో చెప్పిందక్కా. బట్టలు సర్దుకోని కూసోనుండా. నువ్వు పిలుస్తావని."