రెండు ముద్రల ఓటు

ప్రమాదం ముంచుకొచ్చిన క్షణం నాకు కచ్చితంగా తెలుసు. పోలింగు గదిలో అట్ట చాటున నిలబడి ఉన్నాను. చేతిలో రబ్బరు ముద్ర, ఎదురుగా బ్యాలెట్ కాగితం. దాని మీద తడి ఆరని గుర్తు, నేను చచ్చినా వెయ్యకూడదనుకున్న చోట. ఆ తర్వాత అర నిమిషంలో నేను చేసిన ఘనకార్యం తెలిస్తే, నాకు డిగ్రీ ఇచ్చిన కాలేజీ వాళ్లు దాన్ని వెనక్కి పట్టుకుపోతారు.

పటమటలో మా ఇంటి ముందు మూత లేని మురుగు కాలువ ఉంది. నిరుడు మా బుజ్జిగాడికి డెంగీ వచ్చి, ఐదు రోజులు ఆసుపత్రిలో వాడి ప్లేట్‌లెట్లు లెక్కపెడుతూ కూర్చున్నాను. అప్పటి నుంచి దోమ కనిపిస్తే పులిని చూసినట్టు పిల్లల్ని వెనక్కి లాగుతాను. ఇంతలో వార్డు ఎన్నికలు వచ్చాయి. బకెట్టు గుర్తు మీద ఇండిపెండెంటుగా నిలబడ్డ ఒక రిటైర్డ్ ఇంజనీరమ్మ, అందరిలా దండం పెట్టి పోకుండా టేపు తెచ్చి కాలువ కొలిచింది. "మూతకి ఎన్ని పలకలు పడతాయో రాసుకున్నానమ్మా" అంది. నా ఓటు అప్పుడే ఖాయమైపోయింది.

చిక్కల్లా పార్టీలతోనే. కంకిపాడులో మా నాన్నది ఒక పార్టీ. మా అత్తయ్యగారిది సరిగ్గా దానికి ఎదుటి పార్టీ. ఏవో చెప్పను, చెబితే మీలో సగం మంది ఇక్కడే చదవడం ఆపేస్తారు. అవతలి నాయకుడు టీవీలో కనిపిస్తే నాన్న అన్నం ముందు నుంచి లేచిపోతారు. ఇవతలి నాయకుడు కనిపిస్తే అత్తయ్యగారు టీవీకి వీపు తిప్పి కూర్చుంటారు. అందుకని నెల రోజులు ఆవిడకు పాఠాలు చెప్పాను.

"ఓటు అభిమానంతో వేసేది కాదండీ అత్తయ్యగారూ. మనవడి మొహం చూసి వెయ్యండి."

"నలభై ఏళ్లుగా ఒకే గుర్తు మీద గుద్దుతున్నానే. చెయ్యి దానంతటదే పోతుంది."

"చేతికి మనం చెప్పాలండీ."

బంగాళాదుంప కోసి ముద్ర చేసి, పాత క్యాలెండరు వెనక గుర్తులు గీసి, రోజూ సాధన చేయించాను. మా అమ్మాయి హాసిని పోలింగు ఆఫీసరు వేషం కట్టేది. "నానమ్మా, రెండు చోట్ల వేస్తే చెల్లదు" అని బల్ల గుద్ది చెప్పేది.

ఓటు రోజు లైనులో నా వెనక పక్కింటి బాబాయిగారు నిలబడ్డారు. అత్తయ్యగారి పార్టీయే.

"ఏమ్మా, మీ నాన్న ఇంకా ఆ జెండానే మోస్తున్నాడా?"

"ఆయన ఇష్టం బాబాయిగారూ."

"ఈసారి డిపాజిట్లు కూడా రావని చెప్పమ్మా. ఆ గుడ్డ ఇల్లు తుడుచుకోడానికైనా పనికొస్తుంది."

ఆ గుడ్డ కట్టిన నాన్న సైకిలు ముందు కమ్మీ మీద కూర్చునే చిన్నప్పుడు నేను బడికి వెళ్లాను. లోపలికి వెళ్లేసరికి నా బుర్రలో కాలువ లేదు, దోమ లేదు, ప్లేట్‌లెట్లు లేవు. బాబాయిగారి మీసాలొక్కటే ఉన్నాయి. ఆ మీసాల మీద గుద్దినట్టు నాన్న గుర్తు మీద గుద్దాను.

గుద్దాక, సెలైను సూదికి వాచిన బుజ్జిగాడి చెయ్యి గుర్తొచ్చింది. కంగారులో బకెట్టు మీద ఇంకోటి గుద్దాను, ఇంకా గట్టిగా. గట్టిగా గుద్దిందే లెక్కలోకి వస్తుందన్నట్టు.

"అయిందామ్మా?" అన్నాడు ఆఫీసరు.

"అయిందండీ."

నిజంగానే అయింది. ఇంజనీరమ్మ నాలుగు ఓట్లతో ఓడిపోయింది. గెలిచింది నాన్న పార్టీ. పుట్టి బుద్ధెరిగాక మా పార్టీ గెలిస్తే నాకు ఏడుపు రావడం అదే మొదటిసారి.

"చెల్లనివి పాతికట" అన్నారు అత్తయ్యగారు. "ముద్ర వెయ్యడం కూడా రాని ఆ మొద్దులెవరో."

"వాళ్లలో ఒకతె మీకు కాఫీ ఇస్తోందండీ."

అంతా చెప్పేశాను. ఆవిడ గ్లాసు పక్కన పెట్టారు.

"నా చెయ్యీ పాత గుర్తు మీదికే పోయిందే. గుద్దాక పిల్లాడు గుర్తొచ్చాడు."

"మరి?"

"మరేముంది, ఆఫీసరు దగ్గరికి పోయి, బాబూ, పొరపాటున పడింది, ఇంకో కాగితం ఇవ్వమన్నా. గొణుక్కుంటూ ఇచ్చాడు. నువ్వూ అడగాల్సింది."

"సిగ్గేసిందండీ."

"చదువుకున్నోళ్లకి అదొకటి."

శకునాలు చెప్పే బల్లి కుడితిలో పడింది. పాఠం విన్న బల్లి మాత్రం శుభ్రంగా ఈదుకుని ఒడ్డెక్కింది.

మర్నాడు పొద్దున హాసిని అడిగింది. "అమ్మా, కాలువకి మూత ఎప్పుడేస్తారు?"

ముడతలు పడ్డ ఆ బంగాళాదుంప మీద కుడి చెయ్యి పెట్టి, పిల్లలిద్దరి ఎదుటా ప్రమాణం చేశాను. "మీ అమ్మ ఓటు వెయ్యమంటే కోపం వేసొచ్చింది. ఇకమీదట పోలింగు లైనులో చెవుల్లో దూది పెట్టుకుంటాను. ముద్ర తప్పు పడితే సిగ్గుపడకుండా కాగితం మార్చమంటాను. ఇక చెప్పులేసుకోండి. నానమ్మ టేపు తెస్తోంది. గెలిచినాయన తాతయ్య పార్టీయే. మనవాడే కదా అని ఊరుకోం. మనవాడు కాబట్టే మొదటి రోజునే వెళ్లి అడుగుదాం."