అద్దె నాది, ఇల్లు మీది

ఆవిడ పోయిన కబురు ఆవిడ ఫోన్‌కే వచ్చింది. ఆస్పత్రికి వెళ్తూ, "ఛార్జింగు పెట్టి ఉంచండి మాస్టారూ, సాయంత్రానికి వచ్చేస్తాను" అని దాన్ని నా చేతిలో పెట్టి వెళ్ళారు. మర్నాడు పొద్దున్న నేను కాఫీ కలుపుకుంటుంటే అది టింగుమంది. మా అపార్ట్‌మెంటు ఓనర్ల గ్రూపు. "మూడో అంతస్తు మామ్మగారు ఆస్పత్రిలో శివైక్యం చెందారని తెలుపుటకు విచారిస్తున్నాము. నిబంధనల ప్రకారం భౌతికకాయాన్ని గేటు లోపలికి అనుమతించడం లేదు. సహకరించగలరు." కింద వరసగా దండం పెట్టే చేతుల బొమ్మలు. ఆ దండాలు ఆవిడకో, ఆ నిర్ణయానికో నాకు బోధపడలేదు.

నేను ఆ గ్రూపులో లేను. అద్దెకున్నవాళ్ళని అందులో చేర్చుకోరు.

ఆవిడ మా ఇంటి ఓనరు. మొదట ఇన్నీసుపేటలో ఆవిడ పెంకుటింటి వాటాలోనూ, తర్వాత అదే స్థలంలో లేచిన ఈ అపార్ట్‌మెంటులోనూ నా జీవితంలో సగానికి పైగా గడిచింది. పెంకుటింటి రోజుల్లో అందరం పిన్నిగారనేవాళ్ళం. అపార్ట్‌మెంటు వచ్చాక మామ్మగారయ్యారు.

కొత్తగా పెళ్ళయి రాజమండ్రిలో ఇల్లు వెతుక్కుంటున్న రోజుల్లో మమ్మల్ని అందరూ ఒకే ప్రశ్న అడిగేవారు. సూటిగా కాదు. "మీ ఇంటిపేరేంటండీ? ఏ ఊరండీ? నీచు తింటారాండీ?" అన్నీ కలిపితే "మీరేమిట్లు?" అనే. నాదీ నా భార్యదీ ఒక కులం కాదు. నేను పాఠాలు చెప్పే కాలేజీలోనే ఒక పెద్దమనిషి ఉండేవారు. తలదాచుకునే చోటు మనిషి జన్మహక్కని ఏ సభలోనైనా గంటసేపు మాట్లాడగలరు. తన మేడ మీద వాటా ఖాళీగా ఉందని ఆయనే పిలిచారు. మా ఇద్దరి సంగతీ విన్నాక, "మా తమ్ముడి కుటుంబం వచ్చేస్తోందండి" అన్నారు. ఆ తమ్ముడు ఇప్పటికీ రాలేదు. ఆయన ఇది చదువుతారని నాకు తెలుసు. చదవాలనే రాస్తున్నాను.

ఆ సాయంత్రమే ఈవిడ గుమ్మం ఎక్కాం. ఆవిడ మమ్మల్ని లోపలికి తీసుకెళ్ళి కిటికీ చూపించారు. "పడమటి కిటికీ తెరిస్తే గోదారి గాలొస్తుంది. మూస్తే దోమలు రావు. రెండూ కావాలంటే నా దగ్గర లేవండి" అన్నారు. అడగవలసిన ప్రశ్న ఇంకా అడగలేదేమా అని నా భార్య ఉండబట్టలేక, "మేమిద్దరం వేరువేరు కులాలమండి" అని చెప్పేసింది.

"అదేంటమ్మా, మొగుడూ పెళ్ళాలు ఏ ఇంట్లోనైనా వేరువేరే కదా. తాళంచెవి తీసుకో" అన్నారావిడ.

ఆవిడ దేవత అని చెప్పబోవడం లేదు. వీధి దీపం ఉంది కదా అని వరండాలో బల్బు తీసేసేవారు. అడక్కుండా పెరట్లో మునగకాయ కోస్తే నాలుగిళ్ళకి వినపడేలా అరిచేవారు. కానీ ఊళ్ళో ఓనర్లంతా గోడకి మేకు కొట్టొద్దని షరతు పెడుతుంటే, ఈవిడ మేకుల డబ్బా, సుత్తి పట్టుకుని తానే వచ్చారు. "దేవుడి పటమో, పెళ్ళి ఫోటోనో, ఏదోటి తగిలించుకోండి. అద్దె నాది, ఇల్లు మీది." ఇళ్ళ గురించి నేను చాలా చదివాను. గాలి, వెలుతురు, చదరపు అడుగుల మీద లావుపాటి పుస్తకాలున్నాయి. ఈ ఒక్క ముక్క వాటిల్లో దొరకలేదు.

పెంకుటింట్లో ఉన్న రోజుల్లోనే నా భార్య ఆస్పత్రిలో పోయింది. శవాన్ని అద్దె ఇంటికి తేనివ్వరని అద్దెకుండేవాళ్ళందరికీ తెలుసు. ఆస్పత్రి నుంచి నేరుగా రేవులో శ్మశానానికే. పోయిన వేళ నక్షత్రం మంచిది కాకపోతే ఆ ఇంటిని నెలల తరబడి పాడుపెట్టాలంటారు. అడిగి కాదనిపించుకునే ఓపిక నాకు లేక, కోటిలింగాల రేవుకి పోనివ్వమని ఆంబులెన్సు డ్రైవరుకి చెప్పాను. పిన్నిగారు నా పక్కనే ఉన్నారు.

"రేవుకా? నిన్నటిదాకా ఆ ఇంట్లో వండి పెట్టిన మనిషండీ. ఇల్లు చూసుకోకుండా ఎలా వెళ్తుంది? బండి ఇంటికి పోనివ్వు బాబూ."

పురోహితుడు గుమ్మంలోనే అడ్డం పడ్డాడు, నక్షత్రం బాగాలేదమ్మా అని. "నక్షత్రం పైనుందండి, ఇల్లు కిందుంది. ఇంటి సంగతి నేను చూసుకుంటాను" అని తలుపు రెండు రెక్కలూ తీసేశారు. నా భార్యకి పసుపు రాసి, బొట్టు పెట్టి, తల దువ్వింది ఆవిడే. ఆ వారంలోనే పక్క వాటావాళ్ళు భయపడి ఖాళీ చేశారు. ఆ వాటాలోకి చాలాకాలం ఎవరూ దిగలేదు. నేను నొచ్చుకుంటే, "పోనిద్దురూ, పావురాలు కాపరం పెట్టాయి. వాటికి నక్షత్రాల పట్టింపు లేదు" అన్నారు.

తర్వాత ఊరు మారింది. పెంకులు జారి, వాసాలు పుచ్చి, వానొస్తే గిన్నెలు పెట్టుకునే స్థితి వచ్చింది. ఆవిడ కొడుకు ఊళ్ళోనే చిన్న వ్యాపారం చేసుకునేవాడు. అతను బిల్డరుని తీసుకొచ్చాడు. బిల్డరు రంగుల బొమ్మ పరిచి చాలాసేపు చెప్పాడు. ఆవిడ అన్నీ విని, "అరుగేదండీ?" అన్నారు.

"అక్కడ పార్కింగొస్తుందండి మామ్మగారూ."

"అయితే మనుషులు పైన, కార్లు అరుగు మీదా అన్నమాట."

నవ్వుతూనే సంతకం పెట్టారు, తన వాటాకొచ్చే ఫ్లాట్లలో పాత అద్దెవాళ్ళకే ముందు ఇస్తానని చెప్పి మరీ. కొత్తవాళ్ళకిస్తే డబలొస్తుందన్నాడు బిల్డరు. "డబలొస్తే డబుల్ అన్నం తింటానేంటయ్యా?" అన్నారు. అలా నేను ఇదే మట్టి మీద, కాస్త ఎత్తున ఉండిపోయాను.

మిగతా ఫ్లాట్లు ఎవరెవరో కొనుక్కున్నారు. అందులో ఒకరు, జన్మహక్కు గురించి మాట్లాడే మా కాలేజీ పెద్దమనిషి. అసోసియేషన్ సెక్రటరీ కూడా ఆయనే.

ఆ పొద్దున్న కాఫీ వదిలేసి కిందికి దిగాను. గేటు బయట ఆంబులెన్సు ఆగి ఉంది. లోపల ఆవిడ. గేటు లోపల సెక్రటరీగారు. మధ్యలో ఫోను పట్టుకుని కొడుకు.

"పోనీండి మాస్టారూ, రేవుకే తీసుకెళ్ళిపోదాం. రేపట్నుంచి వీళ్ళ మధ్యే కదండీ నేను బతకాలి" అన్నాడతను. తప్పు పట్టలేకపోయాను. సెక్రటరీగారి వైపు తిరిగాను.

"రూలండి. ఒకరికి ఒప్పుకుంటే అందరికీ ఒప్పుకోవాలి" అన్నారాయన.

"ఒప్పుకోండి. అందరం పోయేవాళ్ళమే కదండీ."

"లిఫ్టు పట్టదండి."

"మెట్లున్నాయి."

"పిల్లలు దడుచుకుంటారండి. సెంటిమెంట్లు చూడాలి కదా."

"మీరు నిలబడ్డ చోటేంటో తెలుసాండీ? ఆవిడ వంటిల్లు. మీ కారు పెట్టింది నూతి పళ్ళెం మీద. ఆవిడ వంటింట్లోకి ఆవిడ రావడానికి మీ పర్మిషనేంటండీ?"

ఆయన కిందికి చూశారు. నున్నటి టైల్సు తప్ప అక్కడ ఏమీ లేవు. అయినా ఒక అడుగు వెనక్కి వేశారు.

మా గొడవకి ఒక్కొక్కరే దిగి వచ్చారు. వచ్చినవాళ్ళలో ఎక్కువమంది నాలాగే అద్దెకున్నవాళ్ళు. గ్రూపులో లేరు కనుక వాళ్ళకి రూలు తెలియదు, మనిషి పోయిందని మాత్రమే తెలుసు. రెండో అంతస్తులో ఉండే నర్సమ్మాయి మందపాటి దుప్పటి పట్టుకుని నేరుగా ఆంబులెన్సు దగ్గరికి నడిచింది. "నాలుగు మూలలకీ నలుగురు రండి. మలుపుల దగ్గర తల వైపు ఎత్తి పట్టుకోవాలి" అంది. అప్పుడు ఆ కొడుకు ఫోను జేబులో పెట్టుకుని, తల వైపు మూల తానే అందుకున్నాడు. గేటు ఎవరు తీశారో నేను చూడలేదు.

మనిషి బతికినన్నాళ్ళూ ఎక్కడైనా ఉండొచ్చు. పోయాక కాసేపు పడుకోనిచ్చేదే ఇల్లు, తక్కినవన్నీ లాడ్జీలు. ఊరు ఊరంతా లాడ్జీ అయిపోతున్న కాలంలో నాకొక ఇల్లు దొరికింది. నాకంటే ముందు నా భార్యకి దొరికింది. ఆ రుణం తీరేది కాదు, తీర్చమని ఆవిడ ఎన్నడూ అనలేదు.

మధ్యాహ్నానికి ఆవిడ గుమ్మం ముందు చెప్పులు పట్టలేదు. వరండా నిండి, మెట్ల మీద ఒక్కో జతగా కింది అంతస్తు దాకా దిగాయి. హవాయి చెప్పులు, ఆఫీసు చెప్పులు, స్కూలు బూట్లు. చిట్టచివర్న సెక్రటరీగారు చూసుకుని చూసుకుని అడుగులేస్తూ పైకి వచ్చారు. గుమ్మం దగ్గర బూట్లు విప్పారు. పెట్టడానికి అటూ ఇటూ వెతికారు. ఎక్కడా చోటు లేదు. రెండూ చేత్తో పట్టుకుని, తల వంచుకుని గుమ్మంలోనే నిలబడిపోయారు.

నేను కాస్త పక్కకి జరిగాను.