జిగురమ్మ కట్టిన గట్టు

జిగురమ్మకు ఆ పేరు ఎవరు పెట్టారో గానీ, తగిన పేరే పెట్టారు. మ్యూజియం వెనక గదిలో కూర్చుని, రాయిలో ఇరుక్కున్న రాక్షసబల్లుల ఎముకలను విడదీసి, విరిగిన ముక్కలను జిగురుతో అతకడం ఆమె పని. పళ్ళ డాక్టరు దగ్గర ఉండేలాంటి సన్నటి సూదియంత్రం, మెత్తటి బ్రష్షులు, ముక్కలు కదలకుండా నిలబెట్టడానికి ఇసుక నింపిన తొట్టె, ఇవే ఆమె ఆస్తిపాస్తులు. కప్పు పిడి విరిగినా చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళు ఆమె దగ్గరికే పరిగెత్తేవాళ్ళు. ఆవిడ అతికితే విరిచినవాడికి కూడా ఎక్కడ విరిచాడో గుర్తుండదనేవాళ్ళు. ఆ మెప్పే కొంప ముంచింది.

ఆ పనిలో ఒక కట్టుబాటు ఉంది. ఎముకలో ఏదైనా ముక్క దొరక్కపోతే ఆ ఖాళీని ప్లాస్టరుతో నింపవచ్చు. కానీ దానికి అచ్చం ఎముక రంగు వేయకూడదు, ఒక ఛాయ తక్కువగా వదిలేయాలి. ఏది జంతువుదో, ఏది మనిషి చేతిదో చూసేవాళ్ళకు తెలియాలి కదా! కొత్తగా పనిలో చేరినవాళ్ళకు ఈ మాట చెవినిల్లు కట్టుకుని చెప్పేది జిగురమ్మే.

ఒక్క పుర్రె దగ్గర మాత్రం ఆమే కట్టుబాటు తప్పింది. అది ఆమె అన్నయ్య కంటపడిన పుర్రె. రాతి క్వారీలో తవ్వే యంత్రం నడిపేవాడాయన. బండలో ఏదో తేడాగా కనిపిస్తే యంత్రం ఆపేసి, యజమాని ఎంత తిట్టినా వినకుండా చెల్లెలికి కబురు పెట్టాడు. పుర్రె పూర్తిగా రాయిలోంచి బయటపడేలోపే ఆయన ఊపిరితిత్తుల జబ్బుతో పోయాడు. దాన్ని అద్దాల పెట్టెలో పెట్టే రోజున వదిన చూడ్డానికి వస్తానంది. చూస్తే కంటి గుంత పైన ఓ ముక్క లేదు. ఆయన బయటపెట్టిన ఎముకను వదిన తెల్లమచ్చతో చూడాలా అని జిగురమ్మకు మనసొప్పలేదు. ప్లాస్టరు పెట్టింది. కాస్త ఎత్తుగా, గట్టులా తీర్చింది. అలా ఎందుకు తీర్చిందంటే ఏం చెబుతుంది, చెయ్యి అలా పోయింది. ఆపైన ఎముక రంగు పూసింది. వదిన చూసి వెళ్ళాక రంగు గీకేద్దామనుకుంది. రేపు, రేపు అనుకుంటూనే ఉండిపోయింది.

ఈలోగా మ్యూజియంలో పరిశోధకురాలిగా కొత్తగా చేరిన మేడం కంట్లో ఆ గట్టు పడింది. కంటిపైన అలాంటి గట్టున్న రాక్షసబల్లి ఇంతవరకూ ఎవరికీ దొరకలేదని, ఇది కొత్త జాతేనని ఆమె పరిశోధన వ్యాసం అచ్చు వేయించింది. కొత్త జంతువుకు శాస్త్రీయ నామం పెట్టేది అలాంటి వ్యాసంలోనే. మేడం వెనక గదికి వచ్చి ఆ పేరు సంబరంగా చదివి వినిపించింది. పుర్రెను బయటపెట్టినవాడని అన్నయ్య పేరే పెట్టి, చివర ఓ పరాయి భాష తోక తగిలించింది. జిగురమ్మ అప్పుడే చెప్పాల్సింది. కానీ పోయిన మనిషి పేరు పుస్తకాలకెక్కిందని వింటుంటే చెప్పబుద్ధి కాలేదు. సిగ్గులేని సంతోషం ఒకటి కలిగింది, దాని వెనకే భయం పట్టుకుంది.

అప్పటినుంచి ఆమె ఏ ఎముకలో ప్లాస్టరు పెట్టినా సున్నం కొట్టినంత తెల్లగా వదిలేసేది. "ఏంటమ్మా, గోడలకు వేస్తున్నావా?" అని తోటివాళ్ళు నవ్వేవాళ్ళు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, ఆమె ఉలిక్కిపడేది.

కొన్నేళ్ళకు ఒక పెద్దాయన లేచాడు. అలాంటి జంతువుకే తన పడుచు వయసులో వేరే పేరు పెట్టిన ప్రొఫెసరు ఆయన. ఇది తన జంతువేననీ, ఈ అమ్మాయికి చూపు ఆనదనీ రాశాడు. ఒకే జాతికి రెండు పేర్లు పడితే ముందు పెట్టిందే నిలుస్తుంది, రెండోది చెల్లదు. మేడం ఊరుకుంటుందా? గట్టు కనిపించనివాళ్ళు కళ్ళజోడు మార్చుకోవాలని తిరిగి అంటించింది. ఇద్దరూ కత్తులు నూరుకుని, చివరికి శాస్త్రవేత్తల సభలో అందరిముందూ తేల్చుకుందామన్నారు. మేడం పుర్రెను వెంట తీసుకెళ్ళడానికి సిద్ధమైంది.

జిగురమ్మకు అన్నం సహించలేదు. చెబితే అన్నయ్య పేరు పోతుంది. చెప్పకపోతే మేడం పదిమందిలో ప్లాస్టరును ఎముకని వాదిస్తుంది. పోయినవాడి పేరు కోసం బతికున్న పిల్ల పరువు తీస్తానా అని తనను తానే తిట్టుకుంటూ, పెట్టెలో దూది సర్దుతున్న మేడం దగ్గరికి వెళ్ళింది.

"అమ్మా, ఆ గట్టు నేను కట్టిందే."

మేడం నవ్వేసింది. "మీరు కూడా ఆయన పార్టీలో చేరిపోయారా?"

"నిజమేనమ్మా. అది ప్లాస్టరు. రంగు కూడా నేనే వేశాను."

మేడం చేతిలో దూది కింద పెట్టింది. "ఆయన్ని ఎన్నెన్ని మాటలన్నాను! రాసిందంతా ముందు మీకే కదా చదివి వినిపించాను. వింటూ కూర్చున్నారా?"

"కూర్చున్నానమ్మా."

"తీసెయ్యండి. నా ఎదురుగానే తీసెయ్యండి."

జిగురమ్మ గట్టును తడిపి, చిన్న కత్తితో గీకింది. రంగు లేచిపోయి తెల్లటి ముద్ద ఊడింది. చుట్టూ ఉన్న అసలు ఎముక అంచులు చదునుగా బయటపడ్డాయి, పెద్దాయన జంతువుకు ఉన్నట్టే. మేడం ఆయనకు ఫోన్ చేయడానికి తన గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది. ఆ తలుపు ముందు కాసేపు నిలబడి, కొట్టే ధైర్యం లేక జిగురమ్మ వెనక్కి తిరిగింది.

సాయంత్రం వదిన ఇంటికి వెళ్ళింది. వదిన కుట్టుమిషను ముందు కూర్చుని ఉంది.

"వదినా, ఆ జంతువుకు అన్నయ్య పేరు ఇక ఉండదు. తప్పు నాది," అంటూ మొదటినుంచీ అంతా చెప్పింది. తిడుతుందనుకుంది. తిడితే బాగుండుననుకుంది.

వదిన మిషను ఆపింది. "ఆ పేరు నాకెలాగూ నోరు తిరగదు. పోతే పోనీలే. నేనేం పేరు కోసం వస్తున్నానా మీ మ్యూజియానికి ఇన్నిసార్లు? ఆ గట్టు కోసం వచ్చేదాన్ని. అచ్చం మీ అన్నయ్య కనుబొమ్మే. ఏ ఫొటోలోనూ సరిగ్గా పడలేదది. కాసేపు చూసుకుని వెళ్ళిపోయేదాన్ని. నువ్వు చేసిందైతే మాత్రం ఏం? పేరు తీసేసినా గట్టు ఉంచుతారుగా?"

జిగురమ్మ రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంది.

"లేదు వదినా. మధ్యాహ్నం నేనే గీకేశాను."