తుఫాను కిరసనాయిల్లో నీళ్లు

ఒక మాట ఏళ్ల తరబడి నా గొంతులో అడ్డంపడి ఉంది. మింగలేను, కక్కలేను. మీరెవరో నాకు తెలియదు, అందుకే చెప్పగలుగుతున్నాను. మా కిరసనాయిలు డబ్బాలో నీళ్లు పోసింది నేనే.

తొంభైల్లో సంగతి. కంకిపాడు దగ్గర పల్లెకి కొత్త కోడలిగా వచ్చాను. దసరా వెళ్లగానే మా అత్తగారు తుఫాను సామాను సర్దేది. అటుకులు, బెల్లం, పాలిథీన్ సంచిలో చుట్టిన అగ్గిపెట్టెలు, జ్వరం మాత్రలు, లాంతరు, దానికోసం రేకు డబ్బాలో కిరసనాయిలు. కొవ్వొత్తి గాలికి నిలవదనేది. ఆ డబ్బా ఎవరూ ముట్టకూడదు. అప్పుడప్పుడూ తనే చేత్తో ఎత్తి, బరువు చూసి కింద పెట్టేది.

నాకేమో మధ్యాహ్నం కాఫీ పడకపోతే తలనొప్పి. ఆ ఇంట్లో కాఫీ పొద్దున ఒక్కసారే. ఆవిడ కునుకు తీసే వేళకి ఆ డబ్బాలోది పోసి ఒత్తుల స్టవ్వు వెలిగించేదాన్ని. తగ్గినంతా నీళ్లతో నింపాను. బరువు సరిపోతే చాలనుకున్నాను. ఎంత తెలివో చూడండి! తుఫాను నిజంగా వస్తుందని నాకు తోచలేదా, లేక వచ్చినప్పుడు చూసుకుందాంలే అనుకున్నానా? ఇప్పటికీ తేల్చుకోలేను.

వచ్చింది. సాయంత్రానికే కరెంటు పోయింది. మావారు టార్చిలైటు పట్టుకుని గొడ్లను విప్పడానికి వెళ్లారు. లాంతరు చిటపటలాడి ఆరిపోయింది. మళ్లీ వెలిగిస్తే మళ్లీ ఆరింది. ఆ చీకట్లో అత్తగారు తడి గచ్చు మీద జారిపడింది. తుంటి ఎముక విరిగింది. ఆ తర్వాత కర్ర లేకుండా నడవలేదు.

పక్కింటి మస్తాన్‌బీ పిన్ని మా రేషను కార్డు కూడా పట్టుకెళ్లి, తన ఆయిలుతో పాటు మాదీ మోసుకొచ్చేది. ఆయిలు కాజేసి నీళ్లు కలిపావంటూ అత్తగారు ఆమె మీద విరుచుకుపడింది.

"అల్లా తోడు వదినగారూ, చుక్క నీళ్లు కలపలేదండీ. ఏమ్మా కోడలా, నువ్వైనా చెప్పవే, నేనట్టాంటిదాన్నా?"

"ఏమో పిన్నీ, నాకేం తెలుసు?" అన్నాను.

ఆమె మళ్లీ మా గడప తొక్కలేదు. ఊళ్లో ఇంకెవరూ ఆమె చేతికి కార్డు ఇవ్వలేదు. నాకు సిగ్గేసింది, కానీ నోరు విప్పలేదు. భయమా? నిజం చెబితే అత్తగారు నాలుగు తిట్టేది, అంతేగాని పుట్టింటికి పంపేసే మనిషి కాదు. మరి దేనికి? మంచి కోడలన్న పేరు పోతుందని. ఛీ, అంతకంటే పెద్ద కారణం ఏమీ లేదు.

అత్తగారు పోయిన కొన్నేళ్లకి, బెంజ్ సర్కిల్ దగ్గర బస్సు కోసం నిలబడితే మస్తాన్‌బీ పిన్ని కనిపించింది. బెజవాడలో కొడుకు దగ్గర ఉంటోందట. ఆప్యాయంగా నా చెయ్యి పట్టుకుంది. అత్తగారు పోయిందని చెప్పాను. నా చెయ్యి వదలకుండానే అడిగింది.

"పోయేలోపైనా నన్ను నమ్మిందా అమ్మా?"

"నమ్మింది పిన్నీ. నిన్ను అనవసరంగా అన్నానని బాధపడింది."

"అంతే చాలు తల్లీ," అని కొంగుతో కళ్లు తుడుచుకుంది.

నమ్మలేదు. తుంటి నొప్పి చేసినప్పుడల్లా, చివరిదాకా, ఆమెనే తిట్టింది. నేను పక్కనే కూర్చుని కాలు నొక్కుతూ వినేదాన్ని. ఆ రోజు నిజం చెప్పి ఉంటే పిన్ని నా చెయ్యి వదిలేసేది. అందుకే చెప్పలేదు. మీకు చెప్పాను.