బొచ్చె పొలుసుల మనీ ప్లాంట్

మా చిన్నప్పుడు... ఓ ఆదివారం పొద్దున్నే అమ్మ కత్తిపీట ముందు కూర్చుని బొచ్చె చేపకి పొలుసు తీస్తూ తీస్తూ ఆగిపోయింది. ఒక పొలుసు వేలి మీద పెట్టుకుని వెలుతురుకి ఎత్తి, "ఇదిగో, నీ ఆకు" అంది.

నేను ఉలిక్కిపడ్డాను. చేప పొలుసు... ఆకా!

అప్పుడు నేను విజయవాడలో ఓ కాన్వెంటులో ఆరో తరగతి చదువుతున్నాను. క్రాఫ్టు క్లాసులో ఒక్కొక్కరూ ఒక బొమ్మరిల్లు చేసి ఎగ్జిబిషన్‌లో పెట్టాలన్నారు సిస్టర్. షరతు ఒక్కటే... కొన్న వస్తువు ఏదీ ఉండకూడదు. చెప్పుల అట్టపెట్టెలు రెండు ఒకదాని మీద ఒకటి అంటించి మేడ కట్టాను. అగ్గిపుల్లలతో బాల్కనీ చేశాను. ఆ బాల్కనీ మీంచి కిందికి జారే మనీ ప్లాంట్ కావాలి నాకు. మా క్లాసు లావణ్య వాళ్ళింటికి అలాగే ఉంటుంది. గేటు బయట నుంచి ఒకసారి చూశాను.

రంగు కాగితంతో చేస్తే ఆకులు చుట్టుకుపోయాయి. నిజం తీగ తెంపి పెడితే సాయంత్రానికే వాడిపోయింది. పుస్తకంలో మొహం దాచుకుని ఏడ్చాను. అమ్మ చూసినట్టుంది.

నాన్న కొల్లేటి నుంచి చేపలు తెచ్చేవాడు. అమ్మ మార్కెట్లో అమ్మేది. ఈ సంగతి స్కూల్లో ఎవరికీ తెలియదు. అప్లికేషన్‌లో 'బిజినెస్' అని రాయించారు. నాలుగో తరగతిలో ఒకసారి వెనక బెంచీ అమ్మాయి ముక్కు మూసుకుని, "ఏంటే బాబూ, ఈ నీచు వాసన!" అంది. ఎవర్ని అందో నేను తిరిగి చూడలేదు. ఆ మర్నాటి నుంచి రోజూ రెండుసార్లు సబ్బు రుద్దుకుని బడికి వెళ్ళేదాన్ని.

"పొలుసులు వద్దమ్మా... వాసనొస్తుంది" అన్నాను.

"రానిస్తానేంటే?" అంది అమ్మ.

కళ్ళుప్పు వేసి మూడుసార్లు కడిగింది. నిమ్మతొక్కలు వేసిన నీళ్ళలో ఒక రోజంతా నానబెట్టింది. మెత్తబడ్డాక చిన్న కత్తెరతో తమలపాకు ఆకారంలో కత్తిరించడం నా పని. మిఠాయిల్లో వేసే ఆకుపచ్చ రంగు నీళ్ళలో కలిపి అందులో ముంచాం. నేను వాటిని డాబా మీదికి తీసుకెళ్ళబోతే, "ఎండలో పెట్టమాకే, ముడుచుకుపోద్ది" అని చాటలో పోసి నీడనే ఆరబెట్టింది.

ఆరాక చూసి నోరు తెరిచాను. పొలుసు మీద సహజంగా ఉండే సన్నటి గీతలు... అచ్చం ఆకు ఈనెల్లా ఉన్నాయి!

తీగకి పాత వలలోంచి విప్పిన ఆకుపచ్చ నైలాన్ దారం. అమ్మ ఒక్కో ఆకునీ వలకి వేసే ముడితో బిగించింది. "తోక దగ్గర పొలుసులు చిన్నయ్యి. అయ్యి కొసకి కట్టాలి. కొసన లేతాకులేగా ఉండేది" అంది. నాకు ఆ ఆలోచనే రాలేదు.

రెండు వారాలకి మూడు తీగలయ్యాయి. రోజుకి పదిసార్లు వాసన చూసేదాన్ని. నిమ్మ తప్ప ఇంకేమీ లేదు.

ఎగ్జిబిషన్ రోజు కిటికీ వెలుతురు పడి ఆకులు వెలిగాయి. పిల్లలంతా మూగారు. ఫస్ట్ ప్రైజు రిబ్బను పట్టుకుని తిరుగుతున్న సిస్టర్ నా బల్ల దగ్గర ఆగి, వంగి చూశారు.

"ఎంత బాగున్నాయమ్మా! దేంతో చేశావ్?"

చేప అనాలి. రెండక్షరాలు.

"చేయడమేంటి సిస్టర్, ప్లాస్టిక్‌వి! ఏయ్, నిజం చెప్పు, ఎక్కడ కొన్నావ్?" అని లావణ్య నవ్వింది.

"వన్‌టౌన్ బజార్లో" అన్నాను.

ఆ మాట నా గొంతులోంచి రావడం నేనే విన్నాను. ఇప్పటికీ నమ్మలేను... నేనేనా అన్నది!

సిస్టర్ మొహం చిన్నబోయింది. "కొన్నవి వద్దని చెప్పాను కదమ్మా..." అంటూ తలెత్తి నా వెనక్కి చూశారు. "మీరు ఈ పాప మదరా అండీ?"

తిరిగి చూశాను. అమ్మ. ఆ రోజు బేరం మానుకుని, గంజి పెట్టిన చీర కట్టుకుని వచ్చింది. ఎప్పుడొచ్చిందో తెలియదు. మొహం చూస్తే మాత్రం... విన్నదని తెలిసిపోయింది.

"పిల్లలే చేయాలండీ. కొన్నవి పెట్టకూడదు" అన్నారు సిస్టర్.

అమ్మ నా వైపు చూసింది. చెప్పేస్తుంది అనుకున్నాను. నిజం ఒప్పుకోవాలంటే... చెప్పేస్తుందేమోనని భయపడ్డాను.

"పిల్ల తప్పేం లేదండీ. నేనే కొనిచ్చానండీ... నాకు తెలవకండీ" అంది అమ్మ.

అంటూ చేతులు కొంగులో చుట్టేసుకుంది. ఆ గోళ్ళ సందుల్లో ఆకుపచ్చ రంగు ఇంకా పోలేదు.

రిబ్బను పక్క బల్లకి వెళ్ళిపోయింది. రిక్షాలో అమ్మ ఆ మాటే ఎత్తలేదు. "ఆకలేస్తందా? పునుగులు తింటావా?" అంది. తిన్నాను. తినగలిగాను, చూడండి!

పెద్దయ్యాక ఒకసారి ధైర్యం చేసి ఆ తీగల సంగతి ఎత్తాను. "ఏం తీగలే?" అంది. మర్చిపోయిందో, మర్చిపోయినట్టు అందో...

మొన్న ఓ హ్యాండీక్రాఫ్ట్స్ మేళాలో గాజు పెట్టెలో చెవి కమ్మలు చూశాను. 'చేప పొలుసులతో, చేత్తో చేసినవి' అని అట్ట మీద పెద్ద పెద్ద అక్షరాలతో రాసి నిలబెట్టారు. కాన్వెంటు యూనిఫామ్‌లో ఉన్న ఓ పాప వాటిని చెవి దగ్గర పెట్టుకుని అద్దంలో చూసుకుంటోంది. ఎంత తేలిగ్గా రాసేశారు ఆ మాట! కాలం మారింది... మా అమ్మ కత్తిపీట వదిలేశాక మారింది.

మీరూ ఎప్పుడైనా మీ ఇంట్లోవాళ్ళ చేతి పనిని ఇలా కాదనేశారా? అని ఉంటే కింద రాయండి. వాళ్ళ పేరుతో సహా రాయండి...

మా అమ్మ పేరు నాగరత్నం.